రెండో ప్రశ్న

ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే గంటన్నరలో పాటలు వినడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు వినేవన్నీ తెలుగు రాజకీయ ఇంటర్వ్యూలే. ఒక్కోటి గంట, గంటన్నర, కొన్నయితే రెండు గంటలు. ఒకటిన్నర స్పీడులో పెట్టుకుంటే ఒక నాయకుడు ఒక ట్రిప్పుకి సరిగ్గా సరిపోతాడు. సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుంటే ఇద్దర్ని కూడా లాగించెయ్యొచ్చు :-)

ఇన్ని విన్నాక నాకనిపించింది ఏంటంటే, మనవాళ్లు మొదటి ప్రశ్న బాగానే అడుగుతారు. రెండో ప్రశ్నే అడగరు.

రెండో ప్రశ్న అంటే ఏంటో మన ఫీల్డు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉద్యోగానికొచ్చిన కుర్రాడు "మా ప్రాజెక్టులో పర్ఫార్మెన్స్ బాగా పెంచాం సార్" అంటాడు. మనం ఊరుకుంటామా? ఎంత నుంచి ఎంతకి పెంచారు, ఎవరు కొలిచారు, అందులో నువ్వు స్వయంగా చేసిందేంటి అని పట్టుకుంటాం. మొదటి ప్రశ్నకి ఎవరైనా ప్రిపేరయ్యే వస్తారు. ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే మనిషి బయటపడతాడు. లాగిన్ పేజీ రాసే కుర్రాణ్ణి ముప్పావుగంట ఇలా పిండుతాం. ఐదేళ్లు మన నీళ్లూ రోడ్లూ ఉద్యోగాలూ చేతిలో పెట్టుకునే మనిషిని మాత్రం "మీకు కోపమెక్కువంటారు, నిజమేనా?" అని అడిగి, ఆయన నవ్వితే మనమూ నవ్వేసి వదిలేస్తాం.

ఇదంతా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, ఈ ఇంటర్వ్యూల వ్యాపారానికి ముడిసరుకు సరఫరా చేసేవాళ్లలో మా వైపు వాళ్లు ముందు వరసలో ఉంటారు. బెంగళూరు నుంచి ధర్మవరం వెళ్లే రైలు గౌరిబిదనూరు దాటాక హిందూపురంలో ఆగుతుంది, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం. మాది హిందూపురం. పిన్నిని ఇచ్చింది పెనుకొండలో. అమ్మ పుట్టిల్లు ధర్మవరం. ఒకప్పుడు మూడూ అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఒకే పట్టాల మీద ఉన్న మూడు ఊళ్లు, మూడు రకాల ఇంటర్వ్యూలు.

హిందూపురం సంగతి అందరికీ తెలిసిందే. తెలుగుదేశం పుట్టాక ఆ పార్టీ ఇక్కడ అసెంబ్లీ సీటు ఓడిపోలేదు. 1985, 1989, 1994 మూడుసార్లూ ఎన్టీఆర్. 1989లో ఆయన కల్వకుర్తిలో ఓడిపోయినా మావాళ్లు మాత్రం గెలిపించి పంపారు. ఆయన పోయాక 1996 ఉపఎన్నికలో హరికృష్ణ. 2014 నుంచి బాలకృష్ణ, 2024లో మూడోసారి, 32 వేలకు పైగా మెజారిటీతో. ఇప్పుడు ఇంటర్వ్యూ దగ్గరికొద్దాం. 2022 అక్టోబరులో ఆహాలో వచ్చిన 'అన్‌స్టాపబుల్' రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ మీలో చాలామంది చూసే ఉంటారు. బాలకృష్ణ అడిగేవాడు, చంద్రబాబు చెప్పేవాడు. 1995 ఆగస్టు ప్రస్తావన కూడా వచ్చింది.

దీన్ని మా ఊరి వైపు నుంచి ఒకసారి చూడండి. 1995లో ముఖ్యమంత్రి కుర్చీలోంచి దిగిపోయిన మనిషి హిందూపురం ఎమ్మెల్యే. ఇరవయ్యేడేళ్ల తర్వాత, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని ఇంటర్వ్యూ చేసింది కూడా హిందూపురం ఎమ్మెల్యేనే! పైగా కొడుకు, బామ్మర్ది. ప్రపంచంలో ఏ జర్నలిస్టుకీ దొరకని ఛాన్సు. ఆగస్టు సంక్షోభంలో కుటుంబంలో చాలామంది చంద్రబాబు వైపే నిలబడ్డారు కాబట్టి, ఆ రోజుల గురించి అడిగేవాడికీ చెప్పేవాడికీ సమానంగా తెలుసు. సరిగ్గా అందుకే రెండో ప్రశ్న పుట్టలేదు. ఇద్దరూ ఒకే బల్లకి ఒకే వైపు కూర్చున్నప్పుడు అది ఇంటర్వ్యూ కాదు, ఇంటి ముచ్చట. వినోదంగా నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. కాకపోతే చరిత్ర తెలుసుకోవాలనుకునే మా పిల్లలకి ఆ ఎపిసోడే చరిత్ర అయిపోతుందేమోనని నా భయం.

అదే ఏడాది ఫిబ్రవరి 4న ఆయనే హిందూపురంలో మౌనదీక్ష చేశారు, జిల్లా కేంద్రం పుట్టపర్తి కాదు హిందూపురం కావాలని. జనం బాగానే వచ్చారు. న్యాయమైన డిమాండే అని నేనిప్పటికీ అంటాను. ఏ లెక్కన ఒక ఊరు జిల్లా కేంద్రం అవుతుంది, జనాభానా, దూరమా, రైలా, ఆఫీసులకి కావలసిన భవనాలా అని ఎవరైనా ఒక అధికారిని కూర్చోబెట్టి గంటసేపు అడిగుంటే ఎంత బావుండేది. ప్రభుత్వం దాని పని అది చేసుకుపోయింది, మావాళ్లు మౌనంగా కూర్చున్నారు. మైకులు ఎక్కువైన రాష్ట్రంలో మాకు దక్కింది మౌనం.

పెనుకొండకి వస్తే కథ వేరు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు అని పుస్తకాల్లో చదువుకున్నాం గానీ, నా తరానికి పెనుకొండ అంటే పరిటాల రవి. 1994 నుంచి ఆయన అక్కడ ఎమ్మెల్యే. 2005 జనవరి 24న అనంతపురం పార్టీ ఆఫీసులో చంపేశారు. ఆ రాత్రి రాష్ట్రమంతా బస్సులు తగలబడటం నాకు బాగా గుర్తు. 2010లో రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర' తీశాడు. ఆ తర్వాత యూట్యూబ్ వచ్చి ఫ్యాక్షన్ ఇంటర్వ్యూ అనేదాన్ని ఒక పరిశ్రమగా మార్చేసింది. అప్పటి అనుచరులు, ప్రత్యర్థులు, గన్‌మెన్లు, రిటైరైన పోలీసులు, ఎవరు దొరికితే వాళ్లు. ప్రశ్నలు మాత్రం అవే. ఆ రోజు ఏం జరిగింది? బాంబు ఎవరేశారు? మీకు భయం వెయ్యలేదా? కింద వ్యాఖ్యల్లో కుర్రాళ్లు సింహం బొమ్మలు పెడుతుంటారు.

1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో, రవి తండ్రి కథ మీద తీసిన 'శ్రీరాములయ్య' సినిమా ముహూర్తం దగ్గర కారు బాంబు పేలి 26 మంది చనిపోయారు. రవి గాయాలతో బయటపడ్డారు. పోయినవాళ్లలో వార్త కోసం వెళ్లిన ఈటీవీ సిబ్బంది కూడా ఉన్నారు. కెమెరా పట్టుకుని ప్రశ్న అడగడానికి వెళ్లినవాళ్లే పోయిన సంఘటన అది. మన ఇంటర్వ్యూల్లో అది కూడా ఒక 'మాస్ ఎలివేషన్' సీనుగానే వస్తుంది. పోయినవాళ్ల ఇళ్లకి ఎవరు వెళ్లారు, కేసు ఎన్నేళ్లు నడిచింది, రెండు వైపులా కత్తులు పట్టిన కూలిజనం ఏ కులాలవాళ్లు, వాళ్ల భార్యలు తర్వాత ఏం పని చేసి పిల్లల్ని పెంచారు... ఇవి అడిగితే థంబ్‌నెయిల్ రాదు కదా.

ఆ పెనుకొండ దగ్గరే ఇప్పుడు కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, వంద కోట్ల డాలర్ల పైన పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు. బాంబుల సీమలో కార్లు తయారవుతున్నాయంటే గర్వంగానే ఉంటుంది, నాకూ ఉంది. 2019 జులైలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని అసెంబ్లీ చట్టం చేసింది. ఆగస్టు 8న సెల్టోస్ మొదటి కారు బయటికొచ్చిన సభలో, అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్ స్థానికులకి ఉద్యోగాలివ్వలేదన్న అసంతృప్తిని సాక్షాత్తూ కారు బానెట్ మీదే రాశారు. పార్లమెంటు సభ్యుడంతటివాడు ప్రశ్నని కారు మీద రాయాల్సి రావడం ఏంటో! మీడియాకి ఆ బానెట్ ఫోటో చాలు. స్థానికుడంటే ఎవరు, పర్మినెంటు ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది అనే దగ్గరికి చర్చ పోనేలేదు. 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకి వెళ్లే మాటలు నడుస్తున్నాయని రాయిటర్స్ రాసినప్పుడూ అంతే. కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించాయి, నాలుగు రోజులు రెండు పార్టీలవాళ్లు టీవీల్లో అరుచుకున్నారు, అయిపోయింది.

మా పిన్ని కొడుకు ఆ చుట్టుపక్కలే ఒక విడిభాగాల కంపెనీలో చేస్తాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఊరికే మాటల్లో అడిగాను, "నీ ఐడీ కార్డు మీద ఎవరి పేరుందిరా?" అని. "కాంట్రాక్టరుదన్నా" అన్నాడు. ఎన్నేళ్ల నుంచి? మొదటి నుంచీ. ఈ మధ్యలో కాంట్రాక్టరు మారాడా? రెండుసార్లు. మారినప్పుడు సర్వీసు? "మళ్లా మొదట్నుంచే." అంతే, నాలుగు ప్రశ్నలు, ఒక్క నిమిషం. మన ఆఫీసుల్లో మెళ్లో ట్యాగు రంగు బట్టి ఎవరు కంపెనీ మనిషో ఎవరు వెండరు మనిషో తెలిసిపోతుంది కాబట్టి నాకు ఈ ప్రశ్న తట్టింది. స్టూడియోలో కూర్చున్నాయనకి తట్టదు. అక్కడ ఎదురుగా కూర్చునేవాళ్లకి ఐడీ కార్డులుండవు మరి.

ఇంటర్వ్యూ అంటే ఇలాగే ఉండాలని ఎక్కడా రాసి లేదు. 1977లో డేవిడ్ ఫ్రాస్ట్, పదవి పోయిన నిక్సన్‌ని దాదాపు 29 గంటలు రికార్డు చేశాడు. 2007లో కరణ్ థాపర్ అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి మోడీని గుజరాత్ అల్లర్ల గురించి వదలకుండా అడిగితే మూడు నిమిషాల్లో ఇంటర్వ్యూ ఆగిపోయింది. 29 గంటలైనా, మూడు నిమిషాలైనా, రెండిట్లోనూ రెండో ప్రశ్న ఉంది. నిడివికీ లోతుకీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. మనకి 'ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే' రోజుల నుంచీ ఒక అలవాటు పడింది, నాయకుడి మనసులో మాట బయటపెట్టిస్తే అదే పెద్ద విషయమని. మనసులో ఏముందో మనకెందుకండీ? ఫైలులో ఏముందో చెప్పమనండి.

అలాగని తెలుగులో మంచి ఉదాహరణే లేదనుకోవద్దు. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల చేత చెప్పించి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. నాయకుల జ్ఞాపకాల్లో లేని ప్రశ్నలు అందులో వచ్చాయి. దళంలో పిల్లలు పుడితే ఏం చేశారు, పోరాటం ఆగాక ఇంటికెళ్లమంటే ఎక్కడికెళ్లారు లాంటివి. మంచి ఇంటర్వ్యూ అంటే నాకు అదీ. అది చదివాకే మా మామ గుర్తొచ్చాడు.

మా మేనమామది ధర్మవరం, పట్టుచీరలు నేస్తాడు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ నుంచి ధర్మవరం మగ్గం దాకా పట్టు చేసే ప్రయాణం, నా పుట్టిల్లు, మా అమ్మ పుట్టిల్లు కలిపే దారీ ఒకటే. ధర్మవరం అనగానే మీలో చాలామందికి చీరలకంటే ముందు గుర్తొచ్చేది 'గుడ్ మార్నింగ్ ధర్మవరం' అయ్యుండొచ్చు. 2019లో గెలిచిన కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి పొద్దున్నే వీధుల్లో తిరిగి, గడప గడపా అడిగి, అక్కడికక్కడే అధికారులతో మాట్లాడేవాడు. ఆ వీడియోలు రాష్ట్రం దాటి చూశారు. మా ఆఫీసులో కన్నడంవాళ్లు కూడా "మీ ఎమ్మెల్యే భలే ఉన్నాడే" అనేవాళ్లు. 2024లో ఆయన బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్ చేతిలో 3,734 ఓట్లతో ఓడిపోయారు. ఆ తర్వాత ఒకటే ఇంటర్వ్యూలు. అంత తిరిగిన మనిషి ఎలా ఓడిపోయాడు అని నాయకుణ్ణి అడిగారు, ఎనలిస్టుల్ని అడిగారు, సర్వేలవాళ్లని అడిగారు. ఓటేసినవాళ్లని ఎవరైనా కూర్చోబెట్టి గంట మాట్లాడించిన వీడియో నాకైతే ఒక్కటీ కనపడలేదు.

సరే, నేనే వెళ్లాను. ఒక శనివారం, ఫోను రికార్డింగులో పెట్టి మగ్గం పక్కన కూర్చున్నాను. మామ గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే మాట్లాడాడు. "నన్నేం అడుగుతావు అల్లుడా, నేనేమన్నా లీడరునా" అని మొదట్లో సిగ్గుపడ్డాడు.

ఆ వీడియోల గురించి అడిగితే మంచిగానే చెప్పాడు. "తిరిగినాడప్పా, తిరగలేదని ఎట్లంటాము. కాలవ అడిగితే కాలవ చేపిచ్చినాడు, పింఛను అడిగితే పింఛను. ఐతే మన కష్టం కాలవలో ఉంటే కదా? ముడిపట్టు రేటు గురించి పొద్దన్నే వాకిట్లో నిలబడి ఎట్ల అడిగేది? చెప్పేకే అర్ధగంట పడతాది." ఇది నేను ఏ ఎనలిస్టు నోటా వినలేదు. ఆ కార్యక్రమంలో మొదటి ప్రశ్న ఉంది, 'ఏం సమస్య?' అని. దానికి వచ్చే జవాబు ఒక్క నిమిషంలో తేలిపోయేదైతేనే కెమెరాకి పనికొస్తుంది. మరమగ్గాలమీద నేసిన చీరలు చేనేత పేరుతో అమ్ముడుపోవడం, చేనేతకి రకాలు కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం కాగితం మీదే ఉండిపోవడం నిమిషంలో తేలవు. తేలనివి వీడియోలో ఉండవు. వీడియోలో లేనివి మెల్లగా సమస్యలే కాకుండా పోతాయి.

తర్వాత 'నేతన్న నేస్తం' సంగతి వచ్చింది. సొంత మగ్గం ఉన్న నేతన్నకి ఏడాదికి 24 వేలు ఇచ్చేవారు. 2019 డిసెంబరు 21న ఈ పథకాన్ని మొదలుపెట్టింది ధర్మవరంలోనే. వచ్చాయా అంటే వచ్చాయన్నాడు. మామూలు ఇంటర్వ్యూ అయితే ఇక్కడితో లబ్ధిదారుడు ఆనందంగా ఉన్నాడని రాసుకుని లేచి రావచ్చు. నేను ఇంకోటి అడిగాను.

"మగ్గం ఎవరిది మామా?"

"ఎవరిదేముంది, ఇంట్లో ఉండేది మాదే కదా."

"కొన్నదెవరు?"

నాడె రెండుమూడుసార్లు అటూ ఇటూ పోయింది. "షావుకారు దుడ్లిచ్చినాడు. అడ్వాన్సు. అది తీరేదాకా ఆయప్పదే అనుకో."

"మరి ఆ ఇరవై నాలుగు వేలు?"

"ఒక ఏడు మీ అత్త ఆస్పత్రికి అయిపాయె. మిగతావి అడ్వాన్సులో జమ రాసుకున్నాడు. ఆయప్ప అడగనూ లేదు, నేను ఇయ్యనూ లేదు. కూలిలో పట్టుకున్నాడంతే."

ఇది ఒక్క ఇంటి లెక్క, ఊరందరి లెక్కా ఇదే అని నేననను. కానీ బటన్ నొక్కితే నేరుగా ఖాతాలోకి అన్న మాట ఎన్ని వందలసార్లు విన్నాం మనం! ఖాతాలో పడ్డాక ఎక్కడికి పోయిందనే ప్రశ్న ఒక్క ఇంటర్వ్యూలోనైనా విన్నారా? పథకం పెట్టిన పార్టీ అడగదు, దాని గొప్ప పోతుంది. ఎదుటి పార్టీ అడగదు, షావుకార్లు రెండు పార్టీల్లోనూ ఉంటారు. 2024 జూన్‌లో వచ్చిన ప్రభుత్వంలో చేనేత శాఖ, బీసీ సంక్షేమం రెండూ పెనుకొండ నుంచి గెలిచిన సవితమ్మకే ఇచ్చారు. ఒకప్పుడు ఫ్యాక్షన్ హీరోకి పేరుపడ్డ సీటులో 2019లోనూ 2024లోనూ ఇద్దరూ కురుబలే గెలవడం, అందులో ఒకరు మహిళ కావడం చిన్న మార్పు కాదు. ఆమెని ఎవరైనా ఇంటర్వ్యూ చేస్తుంటే దయచేసి ఈ రెండు పదాలు అడగండి: మగ్గం ఎవరిది? పథకం ఏదైనా సరే, డబ్బు మగ్గం వెంట పోవాలా, మనిషి వెంట పోవాలా అన్నది దానితోనే తేలుతుంది.

ఈలోపు అత్త కండెలు చుట్టుకుంటూ అంతా వింటోంది. "నీకు కూలి ఎంతత్తా?" అంటే ఇద్దరూ పెద్దగా నవ్వారు. కండెలు చుట్టేవాళ్లకి వేరే కూలి ఉండదట, చీర కూలిలోనే అన్నీ కలిసిపోతాయట. అడ్వాన్సు లెక్కంతా మాత్రం ఆమె నోటి మీదే ఉంది, కాగితం లేదు. మామకి ఆ అంకె తెలీదు.

చివర్లో ఓటు సంగతి అడిగాను. ఎవరికేశాడో చెప్పలేదు, నేను గుచ్చి అడగనూ లేదు, అది ఆయన హక్కు. ఎందుకేశావు అని మాత్రం అడిగాను. దానికి ఇరవై నిమిషాలు చెప్పాడు. అందులో ఏ పార్టీ పేరూ రాలేదు. కొడుకు మగ్గమెక్కనని బెంగళూరు పోయి డెలివరీ బండి తోలుతున్నాడు, వాడికి పిల్లనిచ్చేవాళ్లు లేరు, నేతపనోళ్ల ఇంట్లో పిల్లనిచ్చేకి నేతపనోళ్లే ఒప్పుకోవడం లేదు. "ఎవరొచ్చినా ఈ పొద్దు రేటు మారదు. వానికి పెండ్లి ఐతే చాలనుకుని పోయి నొక్కొచ్చినా" అన్నాడు. 3,734 ఓట్లకి కారణాలు వెతికేవాళ్లు దీన్ని ఏ కాలమ్‌లో వేసుకుంటారో మరి.

రికార్డింగు మొత్తం రెండు గంటల పది నిమిషాలు వచ్చింది. సగం మగ్గం చప్పుడే. స్పీచ్ టు టెక్స్ట్‌లో వేస్తే మా సీమ యాసకి అది చేతులెత్తేసింది, 'ఆయప్ప'ని అయ్యప్ప చేసింది. అందుకే చేత్తోనే టైపు చేస్తున్నాను, నలభై నిమిషాల దాకా అయింది. పేరు వెయ్యొద్దన్నాడు మామ, వెయ్యను. పెనుకొండ తమ్ముడు కూడా మాట్లాడతానన్నాడు, నైట్ షిఫ్టు మారాక. వాడు పెట్టిన షరతు ఇంకోటుంది, కంపెనీ బస్సు రంగు కూడా చెప్పకూడదట.